జీతంలో ఈఎస్ఐ కోత ఉంది, యాక్సిడెంట్ అయ్యాక కార్డే లేదంటున్నారు. ఏం చేయాలి?

ఓరుగల్లు పోరడు | ఫిబ్రవరి 2, రాత్రి 9:42

అందరికీ నమస్తే. మా అక్క భర్త వరంగల్ శివారులో ఒక ప్లాస్టిక్ సంచుల ఫ్యాక్టరీలో కటింగ్ మెషిన్ మీద పనిచేస్తాడు. ఫ్యాక్టరీ పేరు రాయను, మా వాడకట్టు వాళ్లు నలుగురు ఇంకా అక్కడే ఉన్నారు.

జనవరి 23న నైట్ షిఫ్ట్‌లో చెయ్యి బ్లేడు కింద పడింది. కుడి చేతి చూపుడు వేలు, నడిమి వేలు రెండు కణుపుల దాకా పోయాయి. సూపర్‌వైజర్ బండి మీద ఎక్కించుకుని ఎంజీఎం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. దారిలో "బండి మీంచి పడ్డానని చెప్పు, లేకుంటే పోలీసు కేసయి నీకే తలనొప్పి" అన్నాడట. బావ అంత నొప్పిలో కూడా డాక్టరుకు మెషిన్‌లో పడిందనే చెప్పాడు.

జీతం 14,000. చీటీలో మొత్తం బేసిక్, డీఏ అనే ఉంటుంది. ఈఎస్ఐ (కార్మికుల బీమా) అని నెలకు 560 కోస్తారు. 2024 నవంబర్‌లో చేరాడు, మొన్న డిసెంబర్ దాకా 14 నెలలు కోశారు. కార్డు ఎప్పుడడిగినా "ప్రాసెస్‌లో ఉంది" అనేవాళ్లు. ఇప్పుడేమో "నీకు ఈఎస్ఐ లేదు, మేడారం జాతర అయ్యాక సార్ వస్తాడు, మాట్లాడదాం" అంటున్నారు. జాతర అయిపోయింది, అమ్మవార్లు వనప్రవేశం కూడా చేశారు, సార్ మాత్రం రాలేదు.

ఇద్దరు పిల్లలు. అక్కకు టెన్షన్‌తో నిద్ర లేదు. తెలిసినవాళ్లు జర చెప్పండి.

చౌరస్తా చాయ్ | ఫిబ్రవరి 2, రాత్రి 9:58

చాలా బాధగా ఉంది బ్రో. రేషన్ కార్డు ఉందా? ఉంటే ఆరోగ్యశ్రీలో చూపించండి, 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాకా చేశారు కదా. ఈఎస్ఐ చుట్టూ తిరగడం ఎందుకు, చెప్పులు అరగడం తప్ప.

పాత లెక్కలాయన | ఫిబ్రవరి 2, రాత్రి 10:31

చాయ్ తమ్ముడూ, ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు చూస్తుంది. రేపటి నుంచి ఆ ఇంట్లో బియ్యం ఎవరు కొంటారు? ఈఎస్ఐ అంటే ఆసుపత్రి ఒక్కటే అనుకోవడం దగ్గరే మన జనం నష్టపోతున్నారు. పని చేస్తూ దెబ్బ తగిలి ఇంట్లో కూర్చుంటే, నయమయ్యే దాకా జీతంలో 90 శాతం చేతికి ఇచ్చేది ఈఎస్ఐ. ఈ మనిషి జీతానికి అది నెలకు 12,600 దగ్గర పడుతుంది.

పోరడూ, నీ పోస్టులో ఒక అంకె దగ్గర ఆగిపోయాను. 560 అన్నావు. సరిగ్గా చూసి చెప్పు, 560యేనా? 2019 జులై 1 నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 14,000 మీద మీ బావ నుంచి కోయాల్సింది 105 రూపాయలు. యజమాని తన జేబులోంచి వేయాల్సింది 455. రెండూ కలిపితే 560.

అంటే యజమాని వాటా కూడా మీ బావ జీతంలోంచే కోశారు. ఇది ఒక తప్పు. కోసి కట్టకపోవడం ఇంకో తప్పు. నేను 31 ఏళ్లు జీతాల సెక్షన్‌లో కూర్చున్నాను, ఈ మొదటి తప్పు చీటీ చూడగానే దొరుకుతుంది, కానీ చీటీ ఎవరూ చూడరు. చేతికెంత వచ్చిందో చూసి మడిచి జేబులో పెట్టుకుంటారు.

ఓరుగల్లు పోరడు | ఫిబ్రవరి 2, రాత్రి 10:44

560యే సార్. 14 చీటీలూ ముందు పెట్టుకుని చూస్తున్నాను. అన్నింట్లో అదే. ఇన్ని నెలలు మేము అది మామూలే అనుకున్నాం.

గోదావరిఖని అన్న | ఫిబ్రవరి 2, రాత్రి 11:15

దొంగతనానికి లెక్కల పేరు పెట్టారు, అంతే.

తమ్ముడూ, ఈ మూడు పనులు రేపే చెయ్యి. ఎంజీఎంలో ఇచ్చిన కాగితాలన్నీ జాగ్రత్త చెయ్యి. ఓపీ చీటీ, అడ్మిషన్, డిశ్చార్జ్ అన్నింట్లో "మెషిన్‌లో గాయం" అని రాసి ఉందో లేదో చూడు. మీ బావ బండి అబద్ధం చెప్పకపోవడం మంచి పని చేశాడు, అక్కడే సగం గెలిచాడు. నేను కాంట్రాక్టు కార్మికుల కేసులు చాలా చూశాను, మొదటి రాత్రి ఆసుపత్రిలో రాయించిన ఒక్క ముక్క మీదే కేసు నిలబడుతుంది, పడిపోతుంది.

రెండోది, అక్కడ పనిచేశాడని రుజువులు. బ్యాంకులో పడిన జీతం, వాట్సాప్ గ్రూపులో షిఫ్టుల మెసేజీలు, గేటు దగ్గర ఫొటో, ఏది దొరికితే అది. వాట్సాప్ గ్రూపులోంచి తీసేసే లోపు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తీసేస్తారు, రాసి పెట్టుకో.

మూడోది, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఖాళీ కాగితమైతే అసలే వద్దు.

హెచ్ఆర్ అక్క | ఫిబ్రవరి 3, ఉదయం 7:20

నేను హనుమకొండలో ఒక సంస్థలో హెచ్ఆర్ చూస్తాను. పై రెండు సలహాలూ సరైనవే. ఇంకొకటి కలుపుతాను. మీ బావ ఇంతకు ముందు ఎక్కడైనా పనిచేశారా? అప్పుడు ఈఎస్ఐ ఉండి ఉంటే 10 అంకెల ఐపీ నంబర్ (ఇన్సూర్డ్ పర్సన్, అంటే బీమా ఉన్న కార్మికుడి నంబర్) ఉంటుంది. కంపెనీ మారినా ఆ నంబర్ మారదు, జీవితాంతం అదే. ఈఎస్ఐసీ వెబ్‌సైట్‌లో ఇన్సూర్డ్ పర్సన్ లాగిన్‌లోకి వెళ్తే ఏ నెల ఎవరు ఎంత కట్టారో కనిపిస్తుంది. అది చూసి చెప్పండి, అప్పుడు కచ్చితంగా మాట్లాడుకోవచ్చు.

ఓరుగల్లు పోరడు | ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 1:05

అక్కా, ఉంది. జీడిమెట్లలో చేసినప్పటి పాత కార్డు ట్రంకు పెట్టెలో దొరికింది. లాగిన్ అయ్యాను. 2024 ఆగస్టు దాకా పాత కంపెనీ కట్టింది కనిపిస్తోంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఈ కంపెనీ పేరే లేదు.

14 నెలలు. 7,840 రూపాయలు. పైసా కట్టలేదు.

చౌరస్తా చాయ్ | ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 1:11

వార్నీ.

నిన్నటి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా షాపింగ్ మాల్ చీటీ ఇప్పుడే తీసి చూశాను. జీతం 16,000, ఈఎస్ఐ 120. సరిగ్గానే ఉంది కదా సార్?

పాత లెక్కలాయన | ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 1:40

కోత సరిగ్గా ఉంది. కట్టారో లేదో చీటీ చెప్పదు. లాగిన్ అయి చూడు. ఈ నెల జీతం మీద చందా వచ్చే నెల 15లోపు కట్టాలి. 15 దాటాక చూస్తే నిజం తెలుస్తుంది.

చిన్న యూనిట్ ఓనర్ | ఫిబ్రవరి 3, సాయంత్రం 6:30

కొడతారేమో కానీ యజమాని వైపు మాట కూడా ఒకటి చెప్తాను. నాది 22 మందితో చిన్న యూనిట్. సరుకు ఇచ్చిన 90 రోజులకు పైసలు వస్తాయి. కరెంటు బిల్లు ఆగదు, బ్యాంకు కిస్తీ ఆగదు, 15వ తారీఖు ఆగదు. కొన్ని నెలలు నేనూ ఆలస్యంగా కట్టాను. ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిమీద జరిమానా వేరే వేశారు. కట్టాను.

కానీ పోరడు చెప్పింది ఆలస్యం కాదు. కార్మికుడి జేబులోంచి తన వాటా కూడా కోసుకుని మింగడం. వీళ్ల వల్ల మాకు కూడా నష్టమే. నేను ఒక్కో మనిషి మీద 455 వేసుకుని రేటు చెప్తుంటే, వాడు ఆ 455 లేకుండా నాకంటే తక్కువకు కొటేషన్ ఇస్తాడు. ఆర్డర్ వాడికే పోతుంది.

ఇంకో మాట. రిజిస్టర్ కాని యూనిట్లకు 2025 జులై 1 నుంచి డిసెంబర్ 31 దాకా అని స్ప్రీ పథకం ప్రకటించారు. ఆ గడువులో వచ్చి నమోదు చేసుకుంటే పాత లెక్కలు తవ్వం, తనిఖీకి రాం అన్నారు. అంత వెసులుబాటు ఇచ్చినా పోలేదంటే ఆ మనిషికి కట్టే ఉద్దేశమే లేదు.

గోదావరిఖని అన్న | ఫిబ్రవరి 3, సాయంత్రం 7:02

ఓనర్ గారూ, మీరు కడుతున్నారు కాబట్టి మీ మీద నాకు కోపం లేదు. కానీ "15వ తారీఖు ఆగదు" అన్నప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ నెల కార్మికుడి వాటా ముందే కోసి మీ దగ్గర పెట్టుకున్నారు. అది మీ వ్యాపారం పైసలు కాదు, అతను మీ దగ్గర దాచిన పైసలు. కోసిన వాటా కట్టకపోతే పాత ఈఎస్ఐ చట్టంలోనూ, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, సామాజిక భద్రతా కోడ్‌లోనూ కనీసం ఏడాది, గరిష్ఠంగా మూడేళ్లు జైలు ఉంది.

చిన్న యూనిట్ ఓనర్ | ఫిబ్రవరి 3, సాయంత్రం 7:09

ఒప్పుకుంటాను. అందుకే ఇప్పుడు ఆ పైసలకు వేరే ఖాతా పెట్టాను.

హెచ్ఆర్ అక్క | ఫిబ్రవరి 3, రాత్రి 8:25

పోరడు తమ్ముడూ, అసలు ప్రశ్నకు వద్దాం. యజమాని నమోదు చేయలేదు కాబట్టి మీ బావకు ఏమీ రాదు అనుకోవద్దు. ఆ ఫ్యాక్టరీలో 10 మంది లేదా అంతకు మించి పనిచేస్తూ, మీ బావ జీతం 21,000 లోపు ఉంటే చట్టం ప్రకారం ఆయన కవర్ అయినట్టే. యజమాని కట్టకపోతే ఈఎస్ఐ కార్పొరేషన్ (ఈఎస్ఐసీ) కార్మికుడికి ఇవ్వాల్సింది ఇచ్చి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

జబ్బు చేసి సెలవు పెడితే దానికి సంబంధించిన ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలనే షరతు ఉంది. పనిలో దెబ్బ తగిలితే ఆ షరతు లేదు. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. పనికి వెళ్తూ, పని నుంచి వస్తూ దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా కలుపుతూ 2010లో సవరణ వచ్చింది. కాబట్టి సూపర్‌వైజర్ గారి బండి కథ పూర్తిగా పనికొచ్చేది కూడా కాదు.

అక్కడ ఎంతమంది పనిచేస్తున్నారు?

ఓరుగల్లు పోరడు | ఫిబ్రవరి 3, రాత్రి 9:15

బావను అడిగాను. రెండు షిఫ్టులు కలిపి 19 మంది. కానీ రిజిస్టర్‌లో 8 మందే ఉంటారట. మిగతా వాళ్లు కాంట్రాక్టర్ మనుషులని చెప్తారట. ఆ కాంట్రాక్టర్ ఎవరో ఈ 14 నెలల్లో బావ ఒక్కసారి కూడా చూడలేదు.

గోదావరిఖని అన్న | ఫిబ్రవరి 3, రాత్రి 9:31

కనిపించని కాంట్రాక్టర్. మా దగ్గర కూడా ఉంటారు ఇలాంటి దేవుళ్లు.

ఎనిమిది కాదు, పంతొమ్మిదే లెక్క. ఫ్యాక్టరీ ఆవరణలో ఆ ఫ్యాక్టరీ పని చేసేవాళ్లను కాంట్రాక్టర్ తెచ్చినా సరే, చందా కట్టాల్సిన మొదటి బాధ్యత అసలు యజమానిదే. తర్వాత కాంట్రాక్టర్ బిల్లులో తగ్గించుకుంటాడో, కొట్లాడుకుంటాడో వాళ్లిష్టం. ఇంకోటి, ఒకసారి 10 మందికి చేరి చట్టం కిందికి వచ్చిన ఫ్యాక్టరీ తర్వాత మనుషులను తగ్గించినా బయటపడదు.

జిన్నింగ్ బాబు | ఫిబ్రవరి 3, రాత్రి 10:03

నాకూ ఒక డౌట్. నేను పరకాల వైపు పత్తి జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరుచేసే) మిల్లులో చేస్తాను. 40 మంది దాకా ఉంటాం. నెల జీతం 15,000. ఈఎస్ఐ కోయరు, కార్డు లేదు. నేనూ కంప్లైంట్ పెట్టొచ్చా?

పాత లెక్కలాయన | ఫిబ్రవరి 3, రాత్రి 10:50

బాబూ, నీకు నచ్చని జవాబు చెప్పాలి. పూర్తిగా పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ మాత్రమే చేసే మిల్లును చట్టం సీజనల్ ఫ్యాక్టరీ అంటుంది. చక్కెర, బెల్లం, టీ, వేరుశనగ కాయ ఒలవడం కూడా అదే జాబితాలో ఉన్నాయి. వాటికి ఈఎస్ఐ వర్తించదు. పాత చట్టంలోనూ అంతే, కొత్త కోడ్‌లోనూ అంతే. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఇన్ని జిన్నింగ్ మిల్లులున్న మన జిల్లాకు ఇది పెద్ద గండి. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. పత్తి సీజన్‌కే వస్తుంది కానీ రోలర్ కింద పడిన చెయ్యి సీజన్ అయ్యాక తిరిగి వస్తుందా?

అయితే అదే ఆవరణలో గింజల నూనె మిల్లు లాంటిది వేరేగా, ఏడాది పొడుగునా నడుస్తుంటే అప్పుడు "పూర్తిగా" అనే మాట నిలబడదని వాదించొచ్చు. తేల్చేది కార్పొరేషన్ అధికారి. ఈఎస్ఐ లేనివాడికి కూడా దారి మూసుకుపోలేదు. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం నేరుగా యజమానే ఇవ్వాలి. 1923 నుంచి ఉన్న చట్టం అది, ఇప్పుడు కోడ్‌లో కలిపారు. ఈఎస్ఐ ఉన్నవాడికి ఆ దారి ఉండదు, లేనివాడికి ఉంటుంది.

జిన్నింగ్ బాబు | ఫిబ్రవరి 3, రాత్రి 10:58

నూనె మిల్లు లేదు సార్. జిన్నింగే. సరే, కనీసం తెలిసింది.

జగిత్యాల చెల్లె | ఫిబ్రవరి 4, ఉదయం 8:12

మా అమ్మ బీడీలు చేస్తుంది. మాకు పీఎఫ్ ఉంది, బీడీ కార్మికుల దవాఖాన ఉంది. ఈఎస్ఐ సంగతి ఈ థ్రెడ్‌లోనే మొదటిసారి వింటున్నాను. చదువుతూ ఉంటాను, ఆపకండి.

నైట్ డ్యూటీ | ఫిబ్రవరి 4, ఉదయం 8:40

అన్నలూ, అక్కలూ, మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్స్. ఊరు కూడా చెప్పను. జీతం 18,500, ఈఎస్ఐ కడుతున్నారు, లాగిన్‌లో కనిపిస్తోంది. నాకు ఇప్పుడు ఆరో నెల. "మా పాలసీ ప్రకారం డెలివరీకి మూడు నెలలే సెలవు, అదీ జీతం లేకుండా. కావాలంటే రిజైన్ చెయ్యి, తర్వాత మళ్లీ తీసుకుంటాం" అంటున్నారు. పాలసీ బుక్కులో నిజంగానే అలా ఉంది. నేను చేరినప్పుడు సంతకం కూడా పెట్టాను.

హెచ్ఆర్ అక్క | ఫిబ్రవరి 4, ఉదయం 9:05

చెల్లీ, రిజైన్ చేయొద్దు. ఈ ఒక్క మాట ముందు గుర్తుపెట్టుకో, మిగతాది తర్వాత చదువు.

కంపెనీ పాలసీ చట్టం కంటే ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. నువ్వు సంతకం పెట్టినా అంతే. ఇద్దరు పిల్లల దాకా 26 వారాలు. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగికి ఆ 26 వారాల జీతం కార్పొరేషన్ ఇస్తుంది, పూర్తి జీతం. నీ ఆసుపత్రి జేబులోంచి పోయేది ఏమీ లేదు. వాళ్ల బాధ నీ జాగాలో ఇంకొకరిని పెట్టుకోవాలనే. షరతు ఒక్కటే, అంతకు ముందు రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా ఉండాలి. నీకు ఉండే ఉంటుంది. ఆ సెలవు కాలంలో ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం.

వాళ్లు నిన్ను రిజైన్ చేయమన్నది ఎందుకో తెలుసా? తీసేస్తే తప్పు వాళ్లది, రాజీనామా చేస్తే నీది. నేను ఇదే పనిలో ఉన్నదాన్ని, ఈ సలహా యజమానులకు ఇచ్చేవాళ్లను కూడా చూశాను. నోటితో కాదు, రాతపూర్వకంగా చెప్పమను. మెయిల్ పెట్టు: "మీరు రిజైన్ చేయమన్నారు కదా, ఏ నిబంధన ప్రకారమో తెలపగలరు." చాలాసార్లు ఆ మెయిల్‌కు జవాబే రాదు.

నైట్ డ్యూటీ | ఫిబ్రవరి 4, ఉదయం 9:22

థాంక్స్ అక్కా. ఇప్పుడే డ్యూటీ దిగాను, బస్సులో చదివి ఏడుపొచ్చింది.

లూమ్ మాస్టర్ | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 12:30

నాకు జీతం నవంబర్ నుంచి 21,600 చేశారు. ఆ నెలే ఈఎస్ఐ ఆపేసి గ్రూప్ ఇన్సూరెన్స్ తీసుకున్నామన్నారు. ఇది కరెక్టేనా?

పాత లెక్కలాయన | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2:10

కాదు. చందా కాలాలు ఏడాదికి రెండు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. కాలం మధ్యలో జీతం 21,000 దాటితే ఆ కాలం చివరి దాకా కట్టాల్సిందే. నీకు మార్చి 31 వరకు. పైగా ఈ ఆరు నెలల చందా మీదే వచ్చే జులై నుంచి డిసెంబర్ దాకా జబ్బు సెలవు డబ్బులు ఆధారపడతాయి. ఇక్కడ ఆపితే దెబ్బ అక్కడ పడుతుంది. గ్రూప్ ఇన్సూరెన్స్ పెట్టుకోవచ్చు, కానీ ఈఎస్ఐ వర్తించే మనిషికి అది బదులు కాదు. అది ఆసుపత్రి బిల్లు కడుతుంది, ఇంట్లో కూర్చున్న రోజులకు జీతం ఇవ్వదు.

ఒక పాత ముచ్చట. మా నాన్న ఆజంజాహి మిల్లులో చేశాడు. 1934లో పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. నాన్న కాలంలో ఈఎస్ఐ చందాకు కార్డు మీద స్టాంపులు అంటించేవాళ్లు. కార్డు చూస్తే ఎన్ని వారాలు కట్టారో కంటికి కనిపించేది. ఇప్పుడు అదే ఫోన్‌లో కనిపిస్తోంది, కానీ చూసేవాళ్లు తక్కువ. నాకు ఆశ్చర్యం అదే.

మాడరేటర్ | ఫిబ్రవరి 4, సాయంత్రం 5:00

థ్రెడ్ బాగా నడుస్తోంది. ఒక సభ్యుడు ఆ ఫ్యాక్టరీ ఏదో ఊహించి పేరు రాశారు, ఆ పోస్టు తీసేశాను. దయచేసి పేర్లు వద్దు. ప్రమాదానికి గురైన మనిషికే ఇబ్బంది.

ఓరుగల్లు పోరడు | ఫిబ్రవరి 9, రాత్రి 10:20

అప్‌డేట్. మొన్న కంపెనీ అకౌంటెంట్ ఇంటికి వచ్చాడు. పళ్లు, హార్లిక్స్ తెచ్చాడు. 40,000 నగదు, ఒక స్టాంపు పేపరు. అందులో "సొంత నిర్లక్ష్యం వల్ల గాయం, పూర్తి పరిహారం అందింది, ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు" అని ఉంది. అక్క చదివి బావకు ఇవ్వలేదు, దాచేసింది. అకౌంటెంట్ "సార్ మంచివాడు, మీరు మళ్లీ పనిలోకి రావాలి కదా" అని పోయాడు.

బావ అంటున్నాడు, తీసుకుందాం, 40,000 తక్కువా అని. ఇంట్లో మందులకే 11,000 అప్పయింది. నాకు ఏం చెప్పాలో తోచడం లేదు.

గోదావరిఖని అన్న | ఫిబ్రవరి 9, రాత్రి 10:34

మీ అక్కకు దండం.

లెక్క చెప్పు మీ బావకు. నాలుగు నెలలు ఇంట్లో ఉంటే ఈఎస్ఐ ఇచ్చేదే 50,000 దాటుతుంది. ఆ తర్వాత అసలు సంగతి ఉంది. కుడి చేతి రెండు వేళ్లు శాశ్వత నష్టం. మెడికల్ బోర్డు ఎంత శాతం సంపాదన శక్తి పోయిందో తేలుస్తుంది, ఆ శాతానికి తగ్గ డబ్బు బతికినన్నాళ్లూ వస్తుంది. దానిముందు 40,000 ఏ మూలకు?

చిన్న యూనిట్ ఓనర్ | ఫిబ్రవరి 9, రాత్రి 11:01

నేను కొంచెం వేరేగా చెప్తాను. ఆ ఇంట్లో ఇప్పుడు పైసలు లేవు. పోరాడమని మనం ఫోన్‌లో చెప్పడం సులువు. పైసలు తీసుకోండి, కానీ ఆ కాగితం మీద కాదు. "మందుల ఖర్చుల కోసం ఇంత అందింది" అని తెల్ల కాగితం మీద మీరే రాసి సంతకం పెట్టివ్వండి. కుదరదంటే వాడిది సాయం కాదని మీ బావకే అర్థమవుతుంది.

హెచ్ఆర్ అక్క | ఫిబ్రవరి 10, ఉదయం 6:50

ఓనర్ గారి సలహా బాగుంది. "సొంత నిర్లక్ష్యం" అన్న మాట ఏ కాగితంలో ఉన్నా సంతకం వద్దు.

కంప్లైంట్ ఇంకా పెట్టలేదు కదా? ఆలస్యం చేయొద్దు. హైదరాబాద్ ఆదర్శ్‌నగర్‌లో ఈఎస్ఐసీ ప్రాంతీయ కార్యాలయం ఉంది, అక్కడికి రిజిస్టర్డ్ పోస్టులో. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా. టోల్‌ఫ్రీ 1800-11-2526 ఉంది, కానీ ఫోన్ మాట మీద ఆధారపడొద్దు, నంబర్ వచ్చే చోట పెట్టండి. చేరిన తేదీ, జీతం, 560 కోత, పాత ఐపీ నంబర్, ప్రమాదం తేదీ, సమయం, మెషిన్ పేరు రాయండి. కోపం రాయొద్దు. చీటీల జిరాక్సులు పెట్టండి, ఒరిజినల్ ఇవ్వొద్దు. పాత ఐపీ నంబర్‌తో ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి డాక్టరుకు కూడా చూపించి, పనికి వెళ్లలేడనే సర్టిఫికెట్ అడగండి.

ఓరుగల్లు పోరడు | ఫిబ్రవరి 12, సాయంత్రం 4:15

పోస్టు చేశాను, ఆన్‌లైన్‌లో కూడా పెట్టాను. అకౌంటెంట్‌కు ఫోన్ చేసి తెల్ల కాగితం సంగతి చెప్పాను. "సార్‌ను అడిగి చెప్తా" అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బావను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఖని అన్న చెప్పినట్టే.

చౌరస్తా చాయ్ | ఫిబ్రవరి 17, రాత్రి 9:00

మా మాల్ వాళ్లు జనవరిది కట్టారు. లాగిన్‌లో కనిపించింది. మా ఫ్లోర్ వాళ్లందరి చేతా చూపించాను. ఇద్దరికి వాళ్ల ఐపీ నంబరే తెలియదు, ఒకరికి రెండు నంబర్లున్నాయి!

పాత లెక్కలాయన | ఫిబ్రవరి 17, రాత్రి 9:25

రెండు నంబర్లుంటే చందా రోజులు రెండు చోట్ల చీలిపోయి 78కి చేరవు. యజమాని చేత రాయించి ఒకటిగా చేయించుకోమను.

నైట్ డ్యూటీ | ఫిబ్రవరి 26, ఉదయం 9:10

మెయిల్ పెట్టాను. మూడు రోజులు ఎవరూ మాట్లాడలేదు. నిన్న హెచ్ఆర్ పిలిచి "ఈఎస్ఐ ప్రకారమే తీసుకో" అంది. పాలసీ బుక్కు మారుస్తారా అని అడిగితే "అది వేరే విషయం" అంది. నా తర్వాత ఇంకో అమ్మాయికి నాలుగో నెల. ఆమెకు ఈ థ్రెడ్ పంపాను.

ఓరుగల్లు పోరడు | మార్చి 14, రాత్రి 8:45

చాలా రోజులైంది, సారీ. ఉగాదికి ముందే ఒక మంచి కబురు. ఈఎస్ఐసీ నుంచి అధికారి ఫ్యాక్టరీకి వచ్చాడట. హాజరు పుస్తకం, జీతాల పుస్తకం అడిగాడు. మా వాడకట్టు వాళ్లు నలుగురిలో ముగ్గురు "మాకేం తెలియదు" అన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ఒకడు మాత్రం జేబులోంచి చీటీ తీసి చూపించాడట. దాని మీద కూడా 560.

మరుసటి వారం బావ ఇంట్లోనే ఉండగా లాగిన్‌లో ఫ్యాక్టరీ పేరు వచ్చింది. 2024 నవంబర్ నుంచి చూపించారు. యాక్సిడెంట్ రిపోర్టు కూడా ఇప్పుడు పంపారు, అందులో నైట్ షిఫ్ట్, కటింగ్ మెషిన్ అనే రాశారు. డబ్బులు ఇంకా రాలేదు, బ్యాంకు వివరాలు, సర్టిఫికెట్లు ఇచ్చాం.

గోదావరిఖని అన్న | మార్చి 14, రాత్రి 9:03

చీటీ తీసి చూపించిన ఆ ఒక్కడిని జాగ్రత్తగా చూసుకోండి. రేపు ఉద్యోగం మీద కన్నేస్తారు.

ఇంకోటి మర్చిపోవద్దు. ఎక్కువ కోసిన 455 చొప్పున 14 నెలలది 6,370 బావకు తిరిగి రావాలి. ఈఎస్ఐ డబ్బులతో దానికి సంబంధం లేదు. అది వేరేగా అడగండి.

ఓరుగల్లు పోరడు | ఏప్రిల్ 9, రాత్రి 9:30

తొలి విడత బావ ఖాతాలో పడింది. మందుల అప్పు తీర్చాం. గాయం మానింది కానీ ఆ వేళ్లలో మిగిలిన భాగం వంగడం లేదు, మెడికల్ బోర్డుకు ఇంకా తేదీ రాలేదు. బావ ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంటున్నాడు. పిల్లలు నవ్వుతారు, వాళ్లతో పాటు తనూ నవ్వుతాడు. 6,370 గురించి రాతపూర్వకంగా అడిగాం, జవాబు లేదు.

నిన్న చీటీ చూపించిన ఆ దోస్తు ఇంటికి వచ్చాడు. మార్చి నెల చీటీ తెచ్చాడు. ఈఎస్ఐ 105. పందొమ్మిది మందికీ అంతే వచ్చిందట. "మాకేం తెలియదు" అన్న ముగ్గురు కూడా చీటీ రెండు వైపులా తిప్పి చూసుకున్నారట.

పాత లెక్కలాయన | ఏప్రిల్ 9, రాత్రి 9:52

ఆ చీటీ కూడా ఒక ఫొటో తీసి పెట్టుకో. బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు ఎంజీఎం మొదటి రాత్రి కాగితం ఒరిజినల్ మర్చిపోకండి. తేదీ వచ్చాక ఇక్కడ రాయి, వెళ్లే ముందు ఒకసారి మాట్లాడుకుందాం.